డాల్ఫిన్‌కి అందే చేప ఎక్కడుంది? గోదావరి మొగల దగ్గర మ్యాప్ గీసే పద్ధతి

మేం గీసిన మొదటి మ్యాప్‌లో చేపలన్నీ కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గరే ఉన్నాయి. రేవు మీద ఎర్రగా పెద్ద మచ్చ, మిగతా సముద్రం అంతా ఖాళీ. అది చూసిన ఒక సరంగు (పడవ నడిపించే పెద్ద) గారు నవ్వాపుకోలేక, "బాగుందండి, ఇక మేం డీజిలు, ఐసు దండగ చేసుకుని లోపలికి ఎందుకెళ్లడం, రేవులోనే వలేసుకుంటాం" అన్నారు. జరిగిందేంటంటే, పడవ రేవుకి వచ్చాక మేం పక్కన నిలబడి ఫోన్లో లొకేషన్ నొక్కి, చేపల బరువు రాసుకున్నాం. చేప పడిన చోటు పోయి దింపిన చోటు మ్యాప్‌కి ఎక్కింది. చదువుకున్నవాళ్లం నలుగురం ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు.

కాబట్టి మీరు ఈ పని మొదలుపెడుతుంటే, ఫిషరీస్ చదువుతున్నవాళ్లయినా, ఊళ్లో కుర్రాళ్లంతా కలిసి చేస్తున్నదైనా, మేం పడ్డ గోతులన్నీ దాటే దారి ఇది.

ముందు ఎవరి కోసం గీస్తున్నారో తేల్చుకోండి

"సముద్ర జంతువుల కోసం" అంటే కుదరదు. ఒక్క జంతువుని ఎంచుకోండి. మన దగ్గర ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలో, ఏరు సముద్రంలో కలిసే మొగల చుట్టూ తిరిగేవి హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు. వీటిలో హిందూ మహాసముద్రపు జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో పెట్టారు. సుమారు ఇరవై, పాతిక మీటర్ల లోతు లోపలే ఇవి ఎక్కువగా ఉంటాయి. అంటే మీ మ్యాప్ కూడా ఆ లోతు దాటి పోనక్కర్లేదు, సగం డీజిలు అక్కడే మిగులుతుంది.

ఇర్రవాడి డాల్ఫిన్ సంగతి అడుగుతారు చాలామంది. అది కూడా అదే ప్రమాదపు జాబితాలో ఉంది, దానికి పేరున్న చోటు ఒడిశాలోని చిలికా సరస్సు. పేరు బర్మా నదిది కానీ, 1866లో రిచర్డ్ ఓవెన్ ఆ జాతిని శాస్త్రానికి పరిచయం చేసింది 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన జంతువు ఆధారంగా. కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది కూడా ఆ 1852లోనే. మన తీరానికి ఆ జంతువుతో పాత చుట్టరికమే ఉంది, కానీ మీ మ్యాప్‌కి మాత్రం మీ నీళ్లలో మీరు కళ్లారా చూస్తున్న జంతువునే పెట్టుకోండి.

డాల్ఫిన్లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కోరంగి అభయారణ్యం హద్దుల్లో వల వేసి నమూనాలు తీయాలన్నా, పాయల్లో పడవ మీద తిరిగి లెక్కలు రాయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అది చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు, అందుకే కాగితం మొదటి రోజే పెట్టండి. ఆలోపు రేవుల్లో చేసే పని బోలెడుంది.

"ఉన్న చేప" వేరు, "అందే చేప" వేరు

ఇక్కడ కాస్త ఆగండి, ఎందుకంటే పని మొత్తం దీని మీదే నడుస్తుంది. సముద్రంలో చేప ఉన్నంత మాత్రాన డాల్ఫిన్‌కి తిండి ఉన్నట్టు కాదు. డాల్ఫిన్ నమలదు, పట్టి మింగుతుంది. మీటరు పొడవు వంజరం ఎంత ఖరీదైనదైనా దానికి పనికిరాదు. గొంతులో దిగే సైజు చేప కావాలి, డాల్ఫిన్ దిగగలిగే లోతులో ఉండాలి, డాల్ఫిన్ తిరిగే వేళకి అక్కడుండాలి, మధ్యలో వలల గోడ అడ్డం ఉండకూడదు. ఈ నాలుగింట్లో ఏది తప్పినా చేప ఉండి కూడా లేనట్టే.

హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు తినేవాటిలో ఏటి మొగల్లో, ఒడ్డు వెంట దొరికే చేపలే ఎక్కువ. కవళ్లు, నెత్తళ్లు, గొరకలు, కత్తిపరిగెలు, సావళ్లు లాంటివి. వీటిలో సగం మార్కెట్లో చవక రకాలు, రేవులో సరిగ్గా తూకం కూడా వేయరు. గంపలో వేసి "కలగలుపు" అని ఒక్క రేటు కట్టేస్తారు. వేలంపాట లెక్కల మీద ఆధారపడితే మీ మ్యాప్ డాల్ఫిన్ ఆకలి కాకుండా కాకినాడ హోటళ్ల ఆకలి చూపిస్తుంది. కలగలుపు గంపని విప్పించి, రకాలు వేరు చేసి, ఒక్కో రకంలో ఇరవై, ముప్పై చేపల పొడవు స్కేలు మీద కొలవండి. చేతులు కంపు కొడతాయి, గంప యజమాని విసుక్కుంటారు, ఐసు కరిగిపోతోందని అరుస్తారు. అయినా ఇది వదలకండి.

పేర్ల దగ్గర జాగ్రత్త. ఒకే చేపకి ఉప్పాడలో ఒక పేరు, భైరవపాలెంలో ఇంకో పేరు, అంతర్వేది వైపు మరొకటి ఉండొచ్చు. పిల్లకి ఒక పేరు, పెద్దదానికి మరో పేరు కూడా మామూలే. పులస సంగతి తెలిసిందేగా, సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, గోదారెక్కాక పులస, ధర పది రెట్లు. అందుకే ప్రతి రకానికి ఒక ఫొటో తీసి, కింద ఆ ఊరి పేరు రాసి, మీకంటూ ఒక పట్టిక చేసుకోండి. స్థానిక పేరు చిన్నచూపు చూడకండి. ప్యాట్రిక్ రస్సెల్ 1803లో విశాఖ తీరపు చేపల బొమ్మలు అచ్చు వేయించినప్పుడు ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లే రాసుకున్నాడు, మన కానాగంత అలాగే శాస్త్రీయ నామంలో "కానగుర్తా"గా ప్రపంచమంతా తిరుగుతోంది.

పటం మీద నీళ్లని ముక్కలు చేయడం

మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) దగ్గర యూటీఎం 44 ఉత్తర జోన్ పెట్టుకోండి, కాకినాడ నుంచి అంతర్వేది దాకా మొత్తం అందులోకే వస్తుంది. కింద పరచడానికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం తీసుకోండి, 10 మీటర్ల వివరం ఉంటుంది, అది కూడా ఉచితమే. పాత చిత్రం మాత్రం వాడొద్దు. ఇక్కడ నేల కదులుతూ ఉంటుంది. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బే గత రెండు వందల ఏళ్లలో గోదావరి మట్టి, అలల వల్ల పుట్టింది, ఇంకా ఉత్తరానికి పెరుగుతూ వచ్చింది.

సముద్రం వైపు కిలోమీటరుకి కిలోమీటరు గళ్లు గీయండి. మడ అడవిలోకి వెళ్లేసరికి గళ్లు పనికిరావు, ఎందుకంటే ఒకే గడిలో రెండు పాయలు, మధ్యలో అడవి, ఒక పర్ర (ఉప్పునేల) అన్నీ పడతాయి. అక్కడ పాయ వెంబడే అర కిలోమీటరుకో ముక్క చొప్పున కొయ్యండి.

గళ్లకి నంబర్లతో పాటు పేర్లు కూడా పెట్టండి. సరంగుకి "బి-14" అంటే ఏం అర్థమవుతుంది? పేర్లు అడిగితే వాళ్లే చెబుతారు, ఆ పేర్లలోనే సగం సమాచారం ఉంటుంది. ఏటిమొగ, గాడిమొగ అన్న పేర్లలో మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. బలుసుతిప్పలో తిప్ప అంటే దిబ్బ. లంక అంటే ఏటి మధ్య నేల. ఒకప్పుడు మొగ అయిన చోటు ఇప్పుడు పూడిపోయి ఉండొచ్చు, అది కూడా అడిగి రాసుకోండి. మేం పెద్ద చార్టు కాగితం మీద తీరం గీత మాత్రమే గీసి, నలుగురు పెద్దవాళ్లని కూర్చోబెట్టి స్కెచ్ పెన్నులు చేతికిచ్చాం. మొదటి పావుగంట మొహమాటపడ్డారు, తర్వాత "ఒరే, అక్కడ రాయుందిరా, వల చిరిగిపోద్ది" అని ఒకరి చేతిలో పెన్ను ఇంకొకరు లాక్కున్నారు. లోతు ఎంతంటే బారల్లో చెబుతారు, బార అంటే రెండు చేతులు చాపినంత, దాదాపు ఆరడుగులు. బారల్లోనే రాసుకుని ఇంటికొచ్చాక మీటర్లు చేసుకోండి.

లెక్క రాసే పద్ధతి

ప్రతి వలకి రాయాల్సినవి: వల వేసిన చోటు, తీసిన చోటు, వేసిన టైము, తీసిన టైము, వల రకం, పొడవు, కన్ను సైజు, పడిన చేపల రకాలు, బరువులు. చోటు కోసం మీరు పడవలో ఉండక్కర్లేదు. సరంగు ఫోన్లోనో, పడవ జీపీఎస్‌లోనో ఉంటుంది, లేదా పేరు పెట్టిన గడి చెప్పినా చాలు. ఫోన్లో రాసుకోవడానికి కోబో, ఓడీకే లాంటి యాప్‌లు సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి. మడల్లోకి వెళ్లాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

బరువుని అలాగే మ్యాప్‌కి ఎక్కించొద్దు. ఉదాహరణకి ఒక పడవ అర కిలోమీటరు వల 4 గంటలు ఉంచి 20 కిలోలు పట్టింది, ఇంకో పడవ కిలోమీటరు వల 8 గంటలు ఉంచి అదే 20 కిలోలు పట్టింది అనుకోండి. బరువు సమానమే. కానీ కిలోమీటరు వలకి గంటకి లెక్క కడితే మొదటి చోట 10 కిలోలు, రెండో చోట రెండున్నర. నాలుగు రెట్ల తేడా. ఈ భాగహారం చేయకపోతే ఎక్కువమంది వలలు వేసిన చోటే చేపలు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది. వల రకాలని కూడా కలిపేయకండి. ఒడ్డు నుంచి లాగే అలివి వల లెక్క వేరు, రింగు వల లెక్క వేరు, చేప మొప్పల దగ్గర ఇరుక్కునే నైలాన్ గిల్ వల లెక్క వేరు. మ్యాప్‌లో ఒక్కోదానికి ఒక్కో పొర.

ఏమీ పడని వల గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు. ఖాళీ చేతులతో వచ్చినవాడికి కబుర్లు చెప్పే ఓపిక ఎక్కడుంటుంది? "ఇవాళ ఏం పడలేదా బాబాయ్" అని మీరే అడగాలి, "ఆయ్, పేడే పడిందండి" అన్నా సరే దాన్ని సున్నాగా, చోటుతో సహా రాయాలి. సున్నాలు లేని మ్యాప్ అబద్ధం.

సున్నా వేరు, తెలియకపోవడం వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో లెక్కలు రాలేదని ఆ గడుల్లో సున్నా వేసేశారో, చేపలు గుడ్లు పెట్టే కాలంలోనే సముద్రం ఖాళీ అని తేలుతుంది. అక్కడ ఖాళీ గడి ఖాళీగానే ఉండాలి.

నీళ్ల సంగతి

చేప ఎక్కడుందో చెప్పే మొదటి విషయం ఉప్పు. వేసవిలో ధవళేశ్వరం దిగువకి మంచినీళ్లు పెద్దగా రావు, కాకినాడ అఖాతం సముద్రమంత ఉప్పగా అవుతుంది. జూలైలో ఎర్రనీరు దిగిందంటే వారం రోజుల్లో అంతా తారుమారు, పాయల్లో నోట్లో పోసుకుంటే ఉప్పే తెలియదు. వేసవి మ్యాప్, వరద మ్యాప్, శీతాకాలం మ్యాప్ మూడూ వేరువేరుగా గీయండి, సగటు తీసి ఒక్కటి చేస్తే అది ఏ కాలానికీ చెందదు.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనాలా అని టెన్షన్ పడొద్దు. మన దగ్గర రొయ్యల చెరువు ఉన్న ప్రతివాళ్ల షెడ్డులోనూ ఒకటి ఉంటుంది, ఓ పూట అడిగి తెచ్చుకోండి. నీటి చుక్క వేసే ముందు అద్దం మంచినీళ్లతో తుడిచి, గీత సున్నా దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. మేం మొదటి నెల అది చేయలేదు, ఆ నెల అంకెలన్నీ పారేశాం. నీటి మసక చూడటానికి నలుపు తెలుపు సెక్కీ డిస్క్ కూడా చెరువుల దగ్గరే దొరుకుతుంది. తాడుకి బార బారకి ముడులేసి కింద బరువు కడితే లోతు కొలిచే పని అయిపోతుంది.

పోటా, పాటా (నీరు ఎక్కుతోందా, దిగుతోందా) అన్నది ప్రతిసారీ రాయండి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు మన దగ్గర. పోటుతో పాటు చిన్న చేప మడల్లోకి ఎక్కుతుంది, పాటు తీసేటప్పుడు మొగల దగ్గరికి దిగుతుంది, అలా దిగే చేప కోసం డాల్ఫిన్ మొగ దగ్గర కాచుకుంటే ఆశ్చర్యం లేదు. తిథి కూడా రాసుకోండి, గోడ క్యాలెండర్ చూస్తే చాలు. అమావాస్య, పున్నమి పోట్ల బలం వేరు, అష్టమి నాటి నీరు వేరు. ఒకే గడికి ఎప్పుడూ పొద్దున్న పోటుకే వెళ్తే మీకు తెలిసేది ఆ ఒక్క పూట సంగతే.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు చేపల జాడ సమాచారం ఇస్తారు కదా, అది పెట్టేసుకుంటే పోలా అని మాలో ఒకడు మొదట్లోనే అన్నాడు. అది సముద్రపు నీటి వేడి, ఆకుపచ్చ రంగు ఉపగ్రహం నుంచి చూసి ఇచ్చేది, లోపలికి వెళ్లే పడవలకి బాగా పనికొస్తుంది. కానీ మొగల దగ్గర నీళ్లలో మట్టి ఎక్కువ, ఉపగ్రహం ఆ మట్టిని చూసి నాచు అనుకోవచ్చు. ఒడ్డు దగ్గరి గడులకి నేను దాన్ని నమ్మను, మన తాడు, మన రిఫ్రాక్టోమీటరే నయం.

డాల్ఫిన్ని చూడటం

చేపల పొర ఒక్కటే ఉంటే సరిపోదు, జంతువు ఎక్కడ తింటోందో కూడా కావాలి. ముందే గీసుకున్న దారిలో, ఒకే వేగంతో, ఇద్దరు చెరో పక్క చూస్తూ వెళ్లండి. పొద్దున్నే బయల్దేరండి, మధ్యాహ్నం గాలి లేచి అలల మీద తెల్ల నురగ మొదలైతే వీపు రెక్క కనపడదు, ఆ తర్వాతి లెక్క రాయకండి. కనపడినప్పుడే కాదు, కనపడని దారి కూడా రాయాలి, ఇక్కడా అదే సున్నా సూత్రం. పక్షులు నీళ్ల మీద మూగి దూకుతున్నాయా, చేపలు ఎగురుతున్నాయా అని చూసి "తింటోంది", "వెళ్తోంది" అని వేరు చేయండి. దగ్గరికి తోలొద్దు, ఇంజను తగ్గించి దూరంగా ఆగండి. మీరు తరిమితే అది వెళ్లిన చోటు మీ మ్యాప్‌లో మేత చోటుగా పడుతుంది.

ఒడ్డుకి కొట్టుకొచ్చిన చనిపోయిన డాల్ఫిన్ కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖకి చెప్పండి. పశువైద్యులు కోసి చూసినప్పుడు కడుపులో చేపల చెవిరాళ్లు (చేప తల లోపల ఉండే గట్టి రాళ్లు) దొరుకుతాయి, వాటిని బట్టి ఏ చేప తిన్నదో, ఎంత సైజుదో చెప్పొచ్చు. గొరకల చెవిరాళ్లు పెద్దవి, తేలిగ్గా గుర్తుపడతారు. మడల్లో తిరిగే నీటికుక్కల రెట్టలో పొలుసులు చూసి కూడా ఇలాంటి లెక్కే తీస్తారు, అది ఇంకో పెద్ద కథ.

రంగులు వేసేటప్పుడు

ఇక్కడ ల్యాప్‌టాప్ మిమ్మల్ని మోసం చేస్తుంది. కొలిచిన చోట్ల మధ్య ఖాళీలని సాఫ్ట్‌వేర్ తనంతట తాను నింపి అందమైన మ్యాప్ ఇస్తుంది. దానికి నేల అంటే ఏంటో తెలియదు. హోప్ ఐలాండ్‌కి సముద్రం వైపు కవళ్ల గుంపు పడితే, ఇసుక దిబ్బ దాటించి ఆ రంగుని అఖాతంలోకి పూసేస్తుంది. చేప ఇసుక మీద నడిచి రాదుగా. నేలని అడ్డుగోడగా పెట్టే పద్ధతి వాడండి, అది రాకపోతే అఖాతం, బయటి సముద్రం, పాయలు మూడూ విడివిడిగా లెక్క కట్టి పక్కపక్కన పెట్టండి. అదీ కుదరకపోతే ఖాళీలు నింపడమే మానేసి గడికి గడి రంగు వేయండి. చూడటానికి గరుకుగా ఉంటుంది, అబద్ధం మాత్రం చెప్పదు. ఒక కాలంలో ఐదుసార్లకంటే తక్కువ చూసిన గడి మీద నేనైతే అడ్డగీతలు కొట్టేస్తాను, నమ్మకం తక్కువ అని తెలిసేలా.

కిలోకి కిలో సమానం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. కొవ్వు పట్టిన నూనె కవళ్లు కిలో తింటే వచ్చే బలం, ముళ్లే ఎక్కువున్న కారలు కిలో తింటే రాదు. ఓపిక ఉంటే రకాన్ని బట్టి బలం లెక్క వేసి ఇంకో పొర చేయండి.

చివరి పొర వలలది. ఎక్కడ ఎన్ని గిల్ వలలు, ఏ వేళలో. డాల్ఫిన్లకి ప్రాణగండం ఎక్కువగా ఈ వలల్లో చిక్కుకోవడం వల్లే. చేప బాగా అందే గడీ, వలలు కిక్కిరిసిన గడీ ఒకటే అయిందంటే మీరు వెతుకుతున్నది దొరికినట్టు.

ఎవరికి చూపించాలి

మొదట చూపించాల్సింది లెక్కలు ఇచ్చిన సరంగులకి. ప్రింటు తీసి రేవుకి పట్టుకెళ్లండి. గడి గడికీ ఉన్న వివరాన్ని ఫేస్‌బుక్‌లో పెట్టారో, వారం తిరక్కుండా బయటి బోట్లు అక్కడ వాలతాయి, ఆ తర్వాత మీకు ఎవరూ నిజం చెప్పరు. బయటికి ఇచ్చే మ్యాప్‌లో గడులు పెద్దవి చేసి, ఐదేసి కిలోమీటర్లవిగా ఇవ్వండి. ఏ పడవ ఎక్కడ పట్టింది అన్నది ఎవరు అడిగినా ఇవ్వొద్దు.

మా రెండో మ్యాప్ చూసి అదే సరంగు గారు ఈసారి నవ్వలేదు. మొగ దగ్గర ఒక గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ మీరు మూడు బారలు అన్నారు, వరద పోయాక మేట పడిపోయిందండి, ఇప్పుడు నడుం లోతే" అన్నారు. వెళ్లి తాడు వేస్తే ఆయన చెప్పిందే నిజం. అందుకే మ్యాప్ మూల తేదీ తప్పకుండా వేయండి, వరద తగ్గాక వచ్చే మొదటి అమావాస్యకి మొగలన్నీ మళ్లీ కొలిచి, పాత లోతుల పొర తీసి పక్కన పెట్టేయండి.